హీరో నడుముకి వేలాడే ఆ రివాల్వర్ ఖరీదెంత?

ఎడారిలో గుర్రం దిగాడు హీరో. టోపీ అంచు కాస్త పైకెత్తాడు. చెయ్యి మెల్లగా నడుము దగ్గరికి పోయింది. అంతే! హాల్లో ఈలలు, కాగితం ముక్కల వాన!

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు తెలుగువాళ్లకి కౌబాయ్ అనేవాడు మొదటిసారిగా తెలుగు మాట్లాడుతూ కనిపించాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, రాజస్థాన్ ఇసుకతిన్నెల్లో వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, వీటన్నిటి మధ్యా కృష్ణ! ఆ తర్వాత 1990లో మన మొగల్తూరు కుర్రాడు చిరంజీవి ‘కొదమసింహం’లో అదే టోపీ పెట్టాడు. 2002లో ‘టక్కరి దొంగ’తో మహేష్‌బాబు కూడా ఆ ముచ్చట తీర్చుకున్నాడు. 2023 మే 31న, కృష్ణ పుట్టినరోజుకి, ఆ మొదటి సినిమానే కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకి తెస్తే, అది మొదట విడుదలైనప్పటికి ఇంకా పుట్టని పిల్లలు కూడా వెళ్లి చూశారు.

హీరో సంగతి అందరికీ తెలుసు. గుర్రం సంగతి కూడా కొందరికి తెలుసు. కానీ ఆ నడుముకి వేలాడే వస్తువు సంగతో? అలాంటి పాత రివాల్వర్లని పోగుచేసేవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. ఒకే ఏడు, ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన రెండు రివాల్వర్లలో ఒకటి కోట్లు పలుకుతుంది, రెండోదాన్ని అడిగే నాథుడుండడు. ఎందుకలా? ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

తెర మీద చేసిన మార్పు, చరిత్రలో జరిగిన మార్పు

‘మోసగాళ్ళకు మోసగాడు’కి స్ఫూర్తినిచ్చిన ఇంగ్లీషు సినిమాల్లో ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ ఒకటి. 1966 నాటిది. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోది కోల్ట్ కంపెనీవారి 1851 నేవీ మోడల్. పిడి మీద వెండి పాము బొమ్మ ఉంటుంది, గమనించారా?

అసలు 1851 నేవీలో ఇప్పటిలా తూటాలు పెట్టడానికి వీల్లేదు. మందు వేరేగా, సీసపు గుండు వేరేగా ముందువైపు నుంచి కూరాలి. సినిమాలో మాత్రం ఈస్ట్‌వుడ్ ఇత్తడి తూటాలు హాయిగా దోపేస్తాడు. అంటే ఆ రివాల్వర్‌ని తూటాలకి సరిపడేలా మార్చారన్న మాట. సినిమా కథ అమెరికా అంతర్యుద్ధం రోజులది, అంటే 1860ల తొలి సగం. అప్పటికి కోల్ట్ కంపెనీ అలాంటి మార్పులు మొదలే పెట్టలేదు! వెనకవైపు నుంచి తూటా దోపే పద్ధతి మీద పేటెంట్ స్మిత్ అండ్ వెసన్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. 1869లో దాని గడువు తీరాకే కోల్ట్‌వారు తమ దగ్గరున్న పాత సరుకుని, పాత భాగాల్ని తూటాలకి అనువుగా మార్చి అమ్మడం మొదలుపెట్టారు. పారేయడానికి మనసొప్పని లెక్క అది. మన ఇళ్లలో పాత పట్టుచీరని పరికిణీగా కుట్టించడం లాంటిది.

తమాషా ఏమిటంటే, ఫ్యాక్టరీలో స్వయంగా మార్చిన ఆ రివాల్వర్లకి ఈవాళ ప్రత్యేకంగా అభిమానులున్నారు. వాటి మీద పుస్తకాలు ఉన్నాయి. అదే పని తర్వాతి రోజుల్లో ఏ మూలనో ఓ కమ్మరి చేసుంటే? ధర పాతాళానికి! మార్పు ఒకటే, చేసిన చెయ్యి వేరు, చేసిన కాలం వేరు. ఈ విద్యలో సగం రహస్యం ఇక్కడే ఉంది.

కోసిన గొట్టం, కొయ్యని గొట్టం

కౌబాయ్ రివాల్వర్ అనగానే మీ కళ్లముందు మెదిలేది 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ. ‘పీస్‌మేకర్’ అని ముద్దుపేరు. మనుషుల్ని చంపే వస్తువుకి శాంతిదూత అని పేరు పెట్టినవాడి ధైర్యానికి దండం పెట్టాలి! 1873 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా వీటిని దాదాపు 3 లక్షల 57 వేలు తయారుచేశారు. అమెరికా సైన్యం కొన్నది అందులో ఇంచుమించు 37 వేలు. వాటి గొట్టం పొడుగు ఏడున్నర అంగుళాలు.

1890లు వచ్చేసరికి అవి పాతబడ్డాయి. సైన్యంవారు చాలావాటిని వెనక్కి తెప్పించి, గొట్టాలని అయిదున్నర అంగుళాలకి కోసి, మరమ్మతు చేసి మళ్లీ జవాన్ల చేతికిచ్చారు. ఆ పనిలో ఓ రివాల్వర్ పిడి ఇంకో రివాల్వర్‌కి, దీని సిలిండర్ దానికీ పోయాయి. ఏ భాగం మీద ఏ నంబరుందో ఎవరూ పట్టించుకోలేదు. గవర్నమెంటు పని కదా!

ఇప్పుడు చూడండి విచిత్రం. మామూలుగా రివాల్వర్ మీది నంబర్లన్నీ ఒకటే అయితేనే విలువ. ఈ కోసిన రకం మాత్రం నంబర్లు కలవకపోతేనే సహజం. అన్నీ కలిసిపోతే అనుమానించాలి! మరోవైపు, కోతకి దొరక్కుండా తప్పించుకున్న ఏడున్నర అంగుళాలవి అరుదైపోయాయి. వాటి ధర ఆకాశానికంటింది. అంటే సైన్యం చేసిన మార్పే మార్చనివాటిని అపురూపం చేసిందన్న మాట.

ధర పెరిగిన చోట దొంగలు చేరకుండా ఉంటారా? కోసిన రివాల్వర్‌కి పొడుగాటి గొట్టం తగిలించి, నంబర్లు కొత్తగా కొట్టి, ‘ఇది జనరల్ కస్టర్ దళంవారిది’ అని అమ్మజూపే ఘనులున్నారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర రెడ్‌ఇండియన్ల చేతిలో కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ దళానికి అందిన రివాల్వర్లు ఏ నంబర్ల మధ్యవో, వాటిని తనిఖీ చేసిన ఐన్స్‌వర్త్ అనే ఉద్యోగి ముద్ర ఎక్కడుండాలో నిపుణులకి కంఠతా వచ్చు. ఆ ముద్ర లేకపోతే ఒక ధర, ఉంటే ఒక ధర, దొంగముద్ర అయితే పోలీసు కేసు.

మెరిసేదంతా...

ఇక అందరూ చేసే పని ఒకటుంది: మెరుగు పెట్టించడం. పాత రివాల్వర్ల ఇనుముకి నల్లటి నీలిరంగు మెరుపుంటుంది. దాన్ని ‘బ్లూ’ అంటారు. కాలం గడిచేకొద్దీ చేతి చెమటకి, ఒరలోకి పెట్టి తీసే రాపిడికి అది చెరిగి, బూడిదరంగుకీ గోధుమరంగుకీ తిరుగుతుంది. సంగ్రాహకుడికి ఆ చెరిగిన రంగే ముద్దు. మొదటి పూత నూటికి ఎన్ని పాళ్లు మిగిలిందో లెక్కకట్టి మరీ ధర చెబుతాడు.

దాన్ని గీకి, పాలిష్ పట్టి, కొత్త నీలం పెట్టించామనుకోండి. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంటుంది. ధర మాత్రం సగానికి సగం పడిపోవడం మామూలే. ఇంకా పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఎందుకంటే పాలిష్ చక్రం రంగుతో పాటు ఇనుముని కూడా తింటుంది. పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రమవుతాయి. కంపెనీ పేరు అక్షరాలు అలుక్కుపోతాయి. స్క్రూ చుట్టూ చిన్న గుంట పడుతుంది. తెలిసినవాడు దీపం వెలుగులో ఓసారి ఏటవాలుగా తిప్పి చూసి, మాట్లాడకుండా బల్లమీద పెట్టేస్తాడు. ఆ మౌనం చాలు!

మన ‘మాయాబజార్’కి 2010లో రంగులద్దినప్పుడు ఎంత చర్చ జరిగిందో గుర్తుందా? నాకూ ఆ రంగులు కొన్నిచోట్ల నచ్చాయి. కానీ అక్కడొక తేడా ఉంది. రంగుల ప్రింటు వచ్చినా 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’ ఎక్కడికీ పోలేదు. రివాల్వర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒకటే ప్రింటు. దాన్ని గీకితే పోయిందే!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలా పోయినవి లెక్కలేనన్ని. బ్రిటిష్ సైన్యంవారి వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వర్లు మిగులు సరుకుగా అమెరికా చేరాయి. వాటి .455 తూటాలు అక్కడ సులువుగా దొరికేవి కావు. దుకాణదారులు సిలిండర్ వెనకభాగం కాస్త అరగదీసి, అక్కడ విరివిగా దొరికే .45 తూటాలు పట్టేలా చేసి అమ్మేశారు. ఆ రోజుల్లో అది మంచి బేరం. ఈవాళ కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, ‘సిలిండర్ అరగదీశారా?’ అవునంటే సగం మొహం చాటేస్తాడు. పైగా ఆ .45 తూటా ఒత్తిడి ఆ పాత వెబ్లీ తట్టుకోవాల్సినదానికంటే ఎక్కువ. విలువా పోయింది, భద్రతా పోయింది.

అయితే గీతలన్నీ తప్పేనా? జనరల్ ప్యాటన్ పేరు విన్నారు కదా. 1916లో ఆయన కొన్న కోల్ట్‌కి వెండిపూత, నగిషీ, ఏనుగుదంతం పిడి. మెక్సికోలో జరిగిన కాల్పుల తర్వాత ఆ పిడి మీద రెండు గాట్లు పెట్టుకున్నాడు. వేరెవరైనా అయితే దంతపు పిడిని పాడుచేశాడంటారు. ప్యాటన్ పెట్టిన గాట్లు గనక అవి చరిత్ర!

గాట్ల గురించి ఇంకో కథ. బ్యాట్ మాస్టర్సన్ అని పాతకాలపు షెరీఫ్. పెద్దవాడై పత్రికా విలేఖరిగా బతుకుతున్న రోజుల్లో ఓ అభిమాని ‘మీ తుపాకి ఇప్పించండి సార్’ అని ప్రాణం తీశాడట. ఈయన తాకట్టు కొట్టుకెళ్లి ఓ పాత కోల్ట్ కొని, పిడి మీద ఇరవై పైచిలుకు గాట్లు చెక్కి చేతిలో పెట్టాడట. అభిమాని కళ్లు తిరిగిపోయాయని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, మా విలేఖరులకి ఆ తెలివి ఉందంటే మాత్రం నమ్మవచ్చు.

పులస సూత్రం

అరుదనం సంగతికొద్దాం. మన గోదావరివాళ్లకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టిందే ఇక్కడ. ఎర్రనీరొచ్చిన నాలుగు రోజులే దొరుకుతుంది, అందుకే ఆ ధర. కానీ బాగా ఆలోచించండి. ఏడాదికి రెండే దొరికే చేపలు గోదావరిలో ఇంకా ఉంటాయి. వాటిని ఎవరూ అడగరు. ఎందుకు? రుచి తెలిసినవాడు లేడు గనక. తక్కువ దొరకడం ఒక్కటే చాలదు, కావాలనేవాడు ఎక్కువ ఉండాలి.

1847లో కోల్ట్ తయారుచేసిన వాకర్ మోడల్ మొత్తం 1,100 మాత్రమే. రెండు కిలోల బరువు! అందులో వెయ్యి సైన్యానికి పోయాయి. వాడకంలో చాలా పేలిపోయాయి, పోగొట్టుకున్నారు, విరగ్గొట్టారు. మిగతా వంద బయటి జనానికి. ఆ వందలో ఒకదాన్ని ఓ డెన్మార్క్ ఓడ కెప్టెన్ కొన్నాడు. పెట్టెతో, సామానుతో సహా చెక్కుచెదరకుండా మిగిలింది. 2018లో అమెరికాలో వేలం వేస్తే 18 లక్షల 40 వేల డాలర్లు! ఆనాటి లెక్కన మన డబ్బులో పన్నెండు కోట్లు. వాకర్ రుచి తెలిసినవాళ్లు అంతమంది ఉన్నారు. అదే 1847లో ఇంకే చిన్న కంపెనీవాడో అయిదే అయిదు రివాల్వర్లు చేసి దివాలా తీసి ఉంటే, ఆ అయిదూ ఏ వేలంలోనో నిశ్శబ్దంగా పోతాయి.

కావాలనేవాణ్ణి పుట్టించేది సినిమాయే ఒక్కోసారి. స్మిత్ అండ్ వెసన్‌వారి .44 మాగ్నమ్, మోడల్ 29, 1950ల మధ్యలో వచ్చింది. బరువు, భయంకరమైన దెబ్బ. పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1971 డిసెంబరులో ‘డర్టీ హ్యారీ’ విడుదలైంది. మళ్లీ ఈస్ట్‌వుడ్డే! అంతే, దుకాణాల్లో సరుకు ఖాళీ. కంపెనీ ధర కంటే ఎక్కువిచ్చి కొన్నారు. తర్వాత బోలెడు తయారైంది గనక మామూలు మోడల్ 29 ఇప్పుడేమంత అరుదు కాదు. సంగ్రాహకుడు వెతికేది సినిమాకి ముందటి సరుకుని. మరీ తొలినాళ్ల అయిదు స్క్రూల రకం కోసం. ఒక స్క్రూ తేడాకి వేల డాలర్లు!

తుప్పుకి కోటి రూపాయలు

ఇంతవరకూ చెప్పిన సూత్రాలన్నిటినీ తలకిందులు చేసేది ఒకటుంది. కథ.

1960 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఓవేర్ అనే ఊళ్లో పొలం దున్నుతుంటే ఓ చిన్న రివాల్వర్ బయటపడింది. లెఫోషో రకం, 7 మిల్లీమీటర్లు. పూర్తిగా తుప్పు. పిడి మిగల్లేదు. పాత ఇనుము బండివాడు కూడా ఆలోచిస్తాడు. అయితే ఆ పొలం చిత్రకారుడు వాన్ గో 1890లో కాల్చుకున్నాడనుకునే చోటు. ఇనుము ఎంతకాలం మట్టిలో ఉందో చూస్తే ఆ లెక్కకి సరిపోయింది. ఇదేనని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేదు. 2019 జూన్‌లో పారిస్ వేలంలో 1,62,500 యూరోలకి పోయింది. కోటీ పాతిక లక్షల రూపాయల పైమాటే!

దానికి మూడేళ్ల ముందు, 2016లో, అదే పారిస్‌లో అదే లెఫోషో రకం మరొకటి 4,34,500 యూరోలు పలికింది. 1873లో కవి వెర్లేన్ తన నేస్తం రేంబో మీద కాల్చిన రివాల్వర్ అది. వేలంవారు వేసుకున్న అంచనా అరవై వేలు దాటలేదు.

రికార్డు మాత్రం 2021 ఆగస్టులో. బిల్లీ ది కిడ్ అనే దొంగని 1881లో ప్యాట్ గారెట్ అనే షెరీఫ్ కాల్చి చంపిన కోల్ట్, 60 లక్షల డాలర్లు దాటింది. నలభై నాలుగు కోట్లు! దాన్ని ఎవరు ఎవరికిచ్చారు, ఎప్పుడు చేతులు మారిందన్న కాగితాలు వరసగా ఉన్నాయి గనక ఆ ధర. కాగితం లేని కథకి కౌబాయ్‌ల దేశంలో కూడా పైసా రాదు. కోల్ట్‌వారయితే ఏ నంబరు రివాల్వర్‌ని ఏ తేదీన, ఎంత గొట్టంతో, ఏ పూతతో, ఎవరికి పంపారో పాత చిట్టాలు చూసి ఫీజు మీద ఉత్తరం రాసిస్తారు. చాలామంది మొనగాళ్ల కథలు ఆ ఉత్తరం దగ్గరే చచ్చిపోతాయి.

సినిమా ఆయుధాలకీ ఇదే తూకం. ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ పట్టుకున్న వాల్తర్ పిస్తోలు 2020లో 2,56,000 డాలర్లు. అది పేలకుండా చేసిన పిస్తోలు, అయినా అంత! 1977 నాటి ‘స్టార్ వార్స్’లో హాన్ సోలో ఆయుధం, అసలు పాత జర్మన్ మౌజర్‌కి టెలిస్కోపు, మరేవో తగిలించి చేసినది. 2022లో పది లక్షల డాలర్లు దాటింది. మామూలు మౌజర్‌కి ఎవరైనా అలా చేస్తే సంగ్రాహకులు తిట్టిపోస్తారు. ఇక్కడ ఆ తగిలించిందే సరుకు. సినిమాలో వాడింది ఇదేనని తేల్చడానికి పిడి చెక్క చారల్నీ, గీతల్నీ సినిమా ఫ్రేములతో పోల్చి చూస్తారు.

మనకి ఆ అలవాటు ఇంకా పెద్దగా పట్టలేదు. మన హీరోల టోపీలూ, డమ్మీ రివాల్వర్లూ ఏ గోడౌన్లలో ఏమయ్యాయో! ఎవరిదగ్గరైనా ఉంటే, దాంతో పాటు ఆనాటి స్టిల్ ఫొటోని కూడా భద్రంగా ఉంచమని మనవి.

మన డెల్టాలో తాతగారి రివాల్వర్

కోనసీమలో ఓ పాత మండువా లోగిలి ఉందనుకోండి. తాతగారు పోయాక భోషాణంలో ఓ వెబ్లీ బయటపడింది. మనవడికి ఉత్సాహం ఆగదు.

‘మామ్మా, దీనికి నికెల్ పూత వేయిస్తే కొత్తదానిలా ఉంటుందే!’

‘ఆయ్, ఉంటుంది నాయనా. ముందు నువ్వు పోలీస్‌స్టేషన్‌లో కొత్తల్లుడిలా ఉంటావు. తాతయ్య లైసెన్సు తాతయ్యతోనే పోయింది.’

మామ్మగారే రైటు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసులు ఆలస్యం చెయ్యకుండా ఆయుధాన్ని స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. ఆ తర్వాతే తమ పేర లైసెన్సుకి దరఖాస్తు. 2019 సవరణ తర్వాత మామూలు పౌరుడికి రెండు ఆయుధాలకి మించి వీల్లేదు. అంటే అమెరికావాడిలా గోడంతా వరసగా వేలాడదీసే సంగ్రాహకుడు ఇక్కడ పుట్టడు.

ఇక మార్పులా? నంబరు గానీ, పేరు గానీ చెరిపినా, దిద్దినా నేరం. గొట్టం కోయడానికి, బొమ్మ తుపాకిని పేలేలా మార్చడానికి ప్రత్యేకంగా లైసెన్సు కావాలి. అమెరికాలో చెరిపిన నంబరు ధర తగ్గిస్తుందని బాధపడతారు, ఇక్కడ మనిషే లోపలికి పోతాడు. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకి మాత్రం చట్టం మినహాయింపునిచ్చింది. అది పేలుతుందో లేదో తేల్చాల్సింది మీరూ నేనూ కాదు. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువుని 1972 నాటి పురావస్తు చట్టం దేశం దాటనివ్వదు. గనక లండన్ వేలంపాట కలలు వద్దు.

అరుదనం కూడా మన దగ్గర వేరే దారి పట్టింది. 1980ల మధ్యలో విదేశీ ఆయుధాల దిగుమతి మామూలు జనానికి ఆగిపోయింది. దాంతో అప్పటికే దేశంలో ఉన్న .32 వెబ్లీలు, స్మిత్ అండ్ వెసన్లు అపురూపమై, లైసెన్సుదారుల మధ్యే లక్షల్లో చేతులు మారాయి. విదేశాల్లో అవి మామూలు సరుకు! 2014లో కాన్పూర్‌లో తయారైన ‘నిర్భీక్’ రివాల్వర్ ధరే 1,22,360 రూపాయలు. మరి సైన్యంవారి .455 వెబ్లీ? అది నిషిద్ధ బోరు. దానికి లైసెన్సు కేంద్రప్రభుత్వమే ఇవ్వాలి. దొరకడం మహా అరుదు, కొనగలిగినవాడు ఇంకా అరుదు. గోదావరిలో ఎవరూ అడగని ఆ చేప గుర్తుందా?

మన వాతావరణం వేరే శత్రువు. గోదారి గాలిలో తేమ, వరదలు, ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్లు. అన్నిటికంటే చెడ్డది తోలు ఒర. దాంట్లో ఏళ్ల తరబడి ఉంచితే తోలు తేమని పట్టి ఇనుముని కొరికేస్తుంది. తుప్పు కనిపించిందని గరుకు కాగితం పెట్టి రుద్దారా, తాతగారి కాలం నాటి నీలం కూడా దాంతోపాటే లేచిపోతుంది. ఒరలోంచి తీసి పలచగా నూనె రాయడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదని తెలిసినవాళ్ల మాట. ఒరని మాత్రం పారెయ్యకండి. లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, తాతగారు దాంతో దిగిన ఫొటో ఉంటే అవన్నీ ఒకచోట పెట్టండి.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఊరిస్తూ ఉంటుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు పట్టుకుపోయాడు. పట్టుకుపోయినవాటి లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లాడంటారు. 1974లో కృష్ణ వేసిన సీతారామరాజుని చూసి చప్పట్లు కొట్టాం. అవి రివాల్వర్లు కావు, పోలీసువారి మామూలు తుపాకులు, సంగ్రాహకుడు మామూలుగా అయితే రెండోసారి చూడడు. కానీ ఏ మన్యం గుడిసె చూరులోనో ఒకటి మిగిలి, దాని మీది నంబరు పాత పోలీసు రికార్డుతో కలిసిందనుకోండి! దానికి వెల కట్టే వేలంపాట మాత్రం ఉండదు. అది ఎవరు పట్టుకున్నా నేటికీ సర్కారు సొత్తే.